దించినాడా, ఇడిసినాడా

ముందుగా చదివేవాళ్లకు ఒక మనవి. నేను యాభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. ఒత్తులు ఇప్పటికీ నాకు పూర్తిగా లొంగలేదు. శ, ష, స దగ్గర తడబడతాను. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పు కనిపిస్తే మీరే దిద్దుకుని చదవండి, నెమ్మదిగా నడిచినందుకు కోపం చేసుకోకండి. గంటలూ నిమిషాలూ మాత్రం సరిగ్గానే రాశాను.

మా కోడలు హేమలత ప్రొద్దుటూరులో డిటెక్టివ్ ఆఫీసు నడుపుతుంది. ఆమె వెంట నోటుబుక్కు పట్టుకుని తిరగడం, ఎవరు ఎన్ని గంటలకు ఏమన్నారో రాయడం నా పని.

బుధవారం మధ్యాహ్నం పన్నెండు నలభైకి లింగాల నుంచి సాజిదా వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. చేతిలో అన్నం క్యారియరు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అక్కా, మా ఆయన్ను పోలీసోళ్లు పట్టుకపోయినారు. మధన్నను నీళ్లలో ముంచి సంపినాడంట. మధన్ననా! ఇద్దరూ ఒకే గిన్నెలో తినేటోళ్లక్కా!"

"ఏడవకుండా మొదటి నుంచి చెప్పు" అంది హేమలత. "మధు ఎవరు? మీ ఆయనకు బోటుతో ఏం పని?"

సాజిదా చెప్పిన దాన్ని నేను కుదించి రాస్తున్నాను. మధు గొర్రెల కాపరుల ఇంటి పిల్లవాడు, ముప్పై ఏళ్లు. జమ్మలమడుగు దగ్గరి రిజర్వాయరులో చూడ్డానికి వచ్చేవాళ్లను తిప్పడానికి ఒక ఫైబర్ బోటు కొన్నాడు. ఇంజను ఎవరైనా ఎత్తుకుపోతారని బోటును నీళ్లలో వదిలేయడు. దాన్ని రెండు చక్రాల ట్రైలరు మీద గట్టున షెడ్డులో ఉంచుతాడు. గట్టు నుంచి నీళ్లకు దారి రెండు బండరాళ్ల నడుమ ఉంది, ఐదున్నర అడుగుల వెడల్పు. పెద్ద ట్రాక్టరు పట్టదు, పట్టినా అంచున ఉండే నల్ల బురదలో కూరుకుపోతుంది. అందుకని సాజిదా మొగుడు దావూద్ దగ్గరున్న చిన్న ట్రాక్టరు మాట్లాడుకున్నాడు. చీనీ, అంటే బత్తాయి తోటల్లో చెట్ల వరుసల మధ్య దున్నే ట్రాక్టరు అది. పొద్దున దావూద్ దాన్ని వెనక్కి నడిపి, బోటుతో సహా ట్రైలరును నీళ్లలోకి నెడతాడు. బోటు తేలుతుంది. ట్రాక్టరు పైకి వస్తుంది. సాయంత్రం మళ్లీ లాగుతాడు. రెండేళ్లుగా ఇదే పని.

ఆ బుధవారం తెల్లవారి ఆరు గంటలకు చూసినవాళ్లకు బోటు ముక్కు మాత్రమే నీళ్ల పైన కనిపించింది. పైకి లాగితే అందులో మధు ఫోను, చెప్పులు. మధు లేడు. తొమ్మిదికి దావూద్‌ను పట్టుకున్నారు.

"దావూద్ ఏమంటాడు?"

"ఏమీ అనడంటక్కా. అదే నా బయం."

"ఎస్సై ఎవరు?"

"నాగేంద్ర సారంట."

హేమలత నా వైపు చూసింది. నేను నోటుబుక్కు సంచిలో పెట్టాను. ఎస్సై నాగేంద్ర ఆమె సొంత అన్న.

*

రెండు గంటలకు మా పాత కారు స్టేషను ముందు ఆగింది. నాగేంద్ర అప్పుడే ఇంట్లో భోంచేసి వచ్చి కుర్చీలో కూర్చుంటున్నాడు.

"రాండి డిటెక్టివు గారూ. అత్తమ్మా, మీరూ వచ్చినారా? బుక్కు తెచ్చినారా?"

"పెన్సిలు గూడా చెక్కి తెచ్చినా నాయనా."

టీ తెప్పించాడు. మా గ్లాసులు ఖాళీ కాకముందే కేసు చెప్పేశాడు.

"ఇను హేమా. సోమవారం సాయంత్రం రేవులో మధూ, దావూదూ గట్టిగా అరుసుకున్యారు, పదిమంది ఇన్యారు. మంగళవారం సాయంత్రం ఆరు గంటలకు దావూదు బోటు నీళ్లలోకి దించినాడు, సాక్షి ఉండాడు. బోటు అడుగున నీళ్లు కారే బొక్క ఉంటాదే, దానికి పెట్టే బిరడా యాడుందో తెలుసునా? దావూదు తాళాల గుత్తికి యాలాడతాంది. మధుకు ఈత రాదు. నీళ్ల మీద ఏసుకునే జాకెట్టు షెడ్డులో కొక్కేనికే ఉంది. బోటు మునిగేకి వదిలేసి, ట్రైలరు రిపేరని వీడు జమ్మలమడుగు పోయినాడు. ఆరు యాభైకి మెకానిక్కు కాడుండాడు. నేనే ఫోను చేసి కనుక్కున్యా. ఇంగేం కావల్ల?"

"శవం కావల్ల."

"నీళ్లల్లో ఉంది."

"చూసినావా?"

"మూడు దినాలకు అదే తేల్తాది. రేపు పది గంటలకు వీన్ని కోర్టులో పెడతాండా."

"బలే తొందరన్నా నీది. చిన్నప్పుడూ అంతే, జామకాయ పచ్చిగా ఉండంగనే కోసేటోడివి."

"నువ్వు పండాలని కాసుకోని, చిలక తినిపోయిందని ఏడ్సేదానివి. పది నిమిషాలు ఇస్తాండా, పోయి మాట్లాడుకో. అత్తమ్మ ఎండలో వచ్చింది గాబట్టి ఇస్తాండా, నీకోసరం కాదు."

దావూద్ లోపలి గదిలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, చేతులకు ఇంకా గ్రీజు. సాజిదా క్యారియరు విప్పి పెట్టింది. ముట్టలేదు. హేమలత నిలబడే అడగడం మొదలుపెట్టింది.

"మంగళవారం సాయంత్రం తర్వాత మధు యాడికి పోయినాడు?"

"తెల్దక్కా."

"తెల్దా? చెప్పవా?"

"చెప్పనక్కా."

"సోమవారం ఎందుకు అరుసుకున్యారు?"

"వాడు ఒక పని చేస్తానన్యాడు. వద్దురా, ముందు పెద్దోళ్లతో మాట్లాడదాం అంటి. ఇన్లేదు."

"ఏం పని?"

"ఒట్టేసినానక్కా."

"ఎవరి మీద ఏసినావు ఒట్టు?" అని సాజిదా ముందుకు వచ్చింది.

"నీ మీదే."

"నా మీదనా! దేవుడా!" సాజిదా తలకొట్టుకుంది. "ఇంగ అయిపాయ అక్కా. ఈ మనిషిని కోసి కారం పెట్టినా నోరు తెరవడు. పొద్దున నాకు తలనొప్పి వస్తేనే పని మానుకోని ఇంట్లో కూచునే రకం."

దావూద్ మొదటిసారి నవ్వాడు. "తలనొప్పి తగ్గిందా?"

"తగ్గిందిలే, ముందు అన్నం తిను!"

హేమలత ఆ నవ్వు ఆరిపోకముందే అడిగింది. "బిరడా నీ గుత్తికి ఎందుకుంది?"

"ఎప్పుడూ ఆడనే ఉంటాదక్కా. సాయంత్రం బోటు లాగినాక బిరడా పీకేస్తా, లోపలి నీళ్లు కారిపోవల్ల గదా. పొద్దున నీళ్లకు ఇడిసేముందు మళ్ల బిగిస్తా. ట్రాక్టరు తాళానికే కట్టుకుంటే మర్సిపోనని."

"మరి బోటు మునిగింది."

"అదే నాకు అర్థం కాల్యా!" అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "బిరడా లేకుండా ఎవురిడిసినారక్కా దాన్ని? ఇంజన్లోకి నీళ్లు పోయింటాయి. వాడు వచ్చి చూస్తే నేనేం చెప్పేది?"

ఆ మాటలన్నీ రాసుకునేసరికి పది నిమిషాలు అయిపోయాయి. బయటికి వచ్చాక హేమలత నా చెవిలో చెప్పింది. "అత్తా, స్నేహితుడు నీళ్లలో ఉండాడంటే ఏడ్వల్యా, బోటు మునిగిందని ఏడ్సినాడు. 'వాడు వచ్చి చూస్తే' అన్యాడు, రాసుకున్యారా? మధు బతికే ఉండాడు. దావూదుకు తెలుసు."

"మరి ఆ మాటే మీ అన్నకు చెప్పు."

"మా అన్నకు మాట చాలదు. కంటికి కనపడల్ల."

*

మూడు గంటల ఐదు నిమిషాలకు రేవు చేరాం. నాగేంద్ర కూడా జీపులో మా వెనకాలే వచ్చాడు.

"నా సాక్షిని నువ్వు చెడగొడతావని వచ్చినా" అన్నాడు చెల్లెలితో. నాకు మాత్రం గట్టు దిగడానికి చెయ్యి అందించాడు.

గట్టు మీద రేకుల షెడ్డు, దాని పక్కన నడుమెత్తు రాతికూసం, నేలలో నాటిన రాతి గుంజ. షెడ్డు ముందు నుంచి రెండు బండల నడుమగా వాలు, వాలు చివర నల్ల బురద, తర్వాత నీళ్లు. వెతికేవాళ్ల పడవలు రెండు దూరంగా తిరుగుతున్నాయి. మునిగిన బోటును మనుషులు భుజాలు పట్టి ఒడ్డుకు లాగి పక్కకు వాల్చి పెట్టారు.

హేమలత చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని వాలు మీద కూర్చుంది. ఒక్కొక్క అడుగే జరుగుతూ కిందికి దిగింది. దిగడానికి ఏడు నిమిషాలు పట్టింది.

"అత్తా, ఇట్ల రాండి. ఇదేందో చెప్పండి."

వంగి చూశాను. తెల్లటి పీచు, నేలకు అతుక్కుపోయి ఉంది. వేలితో గీకితే వేలు జిగటయింది. "అరటి బోదె. బాగా నలిగిన బోదె. చీరకు తగిలించుకోకు తల్లీ, ఆ రసం మచ్చ జన్మకు పోదు."

"ఇదేమన్నా పెద్ద కనుక్కోవడమా?" అన్నాడు నాగేంద్ర. "లింగాల నుంచి వచ్చే ప్రతి బండిలో బోదెలుంటాయి. గొర్రెలకు ఏసింటారు."

"గొర్రెలు బోదెను నమిల్తాయన్నా, ఇస్త్రీ చెయ్యవు. ఇట్ల కూర్చో. బట్టలు మాసిపోతాయని బయపడాకు. ట్రాక్టరు టైరు గుర్తు అగుపడుతోందా?"

"అగుపడుతోంది."

"టైరు గుర్తు మీద బోదె ఉందా? బోదె మీద టైరు గుర్తు ఉందా?"

అతను కూర్చున్నాడు. చూశాడు. రెండడుగులు కిందికి జరిగి మళ్లీ చూశాడు. మనుషుల అడుగులు అటూ ఇటూ చాలా ఉన్నాయి. ట్రాక్టరు చక్రం గుర్తులు మాత్రం అన్ని చోట్లా బోదె పీచు కిందే ఉన్నాయి. పీచు మీద చక్రం ఒక్కచోట కూడా ఎక్కలేదు. ఆ జిగట చార షెడ్డు ముందు మొదలై, బండల నడుమ నుంచి, తిన్నగా నీళ్ల వరకు పోయింది.

హేమలత వాల్చిన బోటు అడుగున చెయ్యి పెట్టింది. నడిమి గాడిలో నుంచి జానెడు పీచు లాగి అన్న అరచేతిలో పెట్టింది.

"చివరిసారి ట్రాక్టరు వచ్చి పోయినాక ఈ బోటు చక్రాల మీద కాదు, బోదెల మీద జారి నీళ్లలోకి పోయింది. వెనక నుంచి మనుషులు తోసినారు."

"మరి సాక్షి?" అన్నాడు నాగేంద్ర. గొంతులో ఇంకా బలం ఉంది. "ఎర్రన్నా! ఇట్ల రాప్పా!"

ఎర్రన్న గట్టు మీద గొర్రెలు మేపుకుంటున్న డెబ్బై ఏళ్ల మనిషి. కర్ర చంకలో పెట్టుకుని నెమ్మదిగా దిగి వచ్చాడు. హేమలత అడిగింది, నేను రాశాను.

"మంగళవారం సాయంత్రం ఏం చూసినావో నాకూ ఒకసారి చెప్పు."

"ఏముందమ్మా చెప్పేకి. ఆరు గంటలు, గొర్రెల్ని మళ్లేసే పొద్దు. దావూదు బోటు దించినాడు. దించి, ట్రాక్టరేసుకోని పోయినాడు."

"ఇన్యావా?" నాగేంద్ర జేబులో నుంచి వాంగ్మూలం కాగితం తీశాడు. "చదువుతా. 'సాయంత్రం ఆరు గంటలకు దావూద్ సదరు బోటును నీటిలోకి దించి, ట్రాక్టరుతో వెళ్లిపోవుట చూచితిని.' ఏలిముద్ర ఉంది."

హేమలత ఆ కాగితం అందుకుని, నా నోటుబుక్కు పక్కన పెట్టి చూసింది. నేను ఎర్రన్న మాట ఎలా వినిపిస్తే అలాగే రాశాను. వేరే విధంగా రాయడం నాకు రాదు.

"అత్తా, మీ దాంట్లో 'నీటిలోకి' అనే మాట ల్యా. మర్సిపోయినారా?"

"ఆయప్ప అన్లేదు. అనని మాట నేనెందుకు రాస్తా?"

"అన్నా, 'నీటిలోకి' ఎవరి మాట?"

"స్టేషన్లో రైటరు రాసింటాడు. బోటును ఇంగ యాడికి దించుతారు, కొండ మీదికా?"

"ఎర్రన్నా" అని హేమలత ముసలాయన దగ్గరికి వెళ్లింది. "దావూదు బోటును యాడికి దించినాడు?"

"యాడికేందమ్మా! కిందికి. బండి మీద నుంచి నేలకు."

"నీళ్లలోకి కాదా?"

ఎర్రన్న మమ్మల్నందర్నీ ఒకసారి జాలిగా చూశాడు. "నీళ్లలోకైతే దించినాడని ఎందుకంటా తల్లీ? ఇడిసినాడంటా. నెత్తి మీది మూటను దించుతారు, పొయ్యి మీది కుండను దించుతారు. బోటును నీళ్లకు ఇడుస్తారు. దించేది వేరే, ఇడిసేది వేరే. ఆ రైటరు సారు 'దించినాడా' అని అడిగె, 'దించినాడు' అంటి. ఇంగ ఏలు పట్టుకోని సిరా పూసె."

నేను దావూద్ మాటలున్న పేజీ తిప్పి హేమలతకు చూపించాను. 'నీళ్లకు ఇడిసేముందు', 'ఎవురిడిసినారక్కా'. అతను కూడా ఒక్కసారీ దించడం అనలేదు.

"ఎందుకు దించినాడు నేలకు?"

"ట్రైలరు చక్రం కీసుకీసుమంటాండె. దినామూ నీళ్లల్లో మునిగే చక్రం గదా, లోపల బేరింగు పోయిందంట. బాగు చేపిచ్చాలంటే ఖాళీ ట్రైలరు పోవల్ల. బోటు పెద్ద బరువు, ఎత్తేకి నలుగురు ల్యా. దావూదు ఏం చేసినాడంటే, బోటు ఎనక కొసకు మోకు కట్టి, ఆ రాతికూసానికి బిగిచ్చినాడు. నన్ను ఎనకాల బోదెలు పరచమన్యాడు. పరిస్తి. ట్రాక్టరును చీమ నడిచినట్ల ముందుకు పోనిచ్చినాడు. కింద నుంచి ట్రైలరు జారుకోని పాయ, బోటు బోదెల మీద మెత్తగ కూచునె. నిద్రపోయిన బిడ్డను ఒళ్లో నుంచి చాప మీదికి దించుతారే, అట్ల!"

"మధు యాడున్యాడు అప్పుడు?"

"ఆడనే. మోకు పట్టుకోని 'నిదానం మామా, నిదానం' అంటాండె. ఆ పిల్లోడు దావూదును మామా అనే పిలుస్తాడు. తర్వాత నేను గొర్రెల ఎంట పడితి."

నాగేంద్ర వాంగ్మూలం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

"సరే. దావూదు నీళ్లలోకి... ఇడసల్యా. ఇంగెవురో తోసినారు. మధును అందులో ఏసే తోసినారేమో?"

"చెప్పులు యాడ దొరికినాయి?"

"సీటు కింద."

"జతగానా?"

"జతగానే. ప్లాస్టిక్ కవర్లో."

"ఫోన్లో సిమ్ము?"

అతను తల అడ్డంగా ఊపాడు. "ల్యా. తీసేసినారు."

"సంపేటోడు చెప్పులు కవర్లో పెట్టి, సిమ్ము తీసి దాచుకుంటాడా? బూట్లేసుకోని ఊరిడిసి పోయేటోడు చేసే పని అది. బోటు అప్పుడు నేల మీదుంది, బద్రంగా ఉంటాదని అందులో పెట్టినాడు. తోసినోళ్లకు బిరడా సంగతి తెల్దు. తెలిసినోళ్లయితే అంత బరువు బోటును మునిగేకి తోసి ఏం చేసుకుంటారు? కోపంతో తోసినారన్నా. మనిషి దొరక్క, దొరికిన దాని మీద కోపం తీర్సుకున్యారు. అందులో ఎవరూ లేరని వాళ్లకు బాగా తెలుసు. తెలిసి కూడా, మధు మునిగినాడని ఊరంతా అంటాంటే నోరు మూసుకోని ఉండారు. ఎందుకు?"

"ఎందుకు?" అన్నాను నేను.

"అన్న నీళ్లల్లో వెతికినంతసేపూ వాళ్లు గట్టు మీద మధును వెతుక్కోవచ్చు."

నాగేంద్ర టోపీ సర్దుకున్నాడు. అతను మంచివాడే. ఓడిపోవడం మాత్రం నిదానంగా ఓడిపోతాడు. "ఇదంతా నీ ఊహ హేమా. ఊహను నేను పైఆఫీసరుకు ఏమని రాసేది? మధు బతికుండాడని కండ్లారా చూసినోడు ఒక్కడు చెప్పనీ. దావూదును ఈ పొద్దే ఇంటికి పంపిస్తా. చెప్పేటోడు దొరక్కపోతే రేపు పది గంటలకు కోర్టే."

దూరంగా కారు దగ్గర నిలబడిన సాజిదాకు ఆ చివరి మాట వినిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ మెకానిక్కును ఫోన్లో ఏమని అడిగినావు?" అంది హేమలత.

"దావూదు వచ్చినాడా అని."

"అంతేనా?"

"ఇంగేం అడగల్ల?"

"పద. ఇంగేం అడగల్లనో ఆడ చెప్తా."

*

జమ్మలమడుగు. నాలుగు ఇరవై ఐదు. కమాల్ బాషా షెడ్డులో బేరింగులు కిరసనాయిలు పళ్లెంలో నానుతున్నాయి. అరవై దాటిన మనిషి, కళ్లద్దాలు దారంతో కట్టుకున్నాడు. ఎస్సైని చూసి లేచాడు.

"కూర్చో భాయ్" అంది హేమలత. "నిన్న దావూదు ఎన్ని గంటలకు వచ్చినాడు?"

"ఆరు యాభై అమ్మా. పొద్దున సార్‌కు చెప్పినా."

"ఎంతమంది వచ్చినారు?"

"ముగ్గురు."

నాగేంద్ర ఒక్క అడుగు ముందుకు వేశాడు. "ముగ్గురా? పొద్దున ఫోన్లో చెప్పల్యా!"

"దావూదు వచ్చినాడా అని మీరు అడిగితిరి సార్. వచ్చినాడంటి. ఎంతమందని అడగల్యా."

హేమలత అన్న వైపు చూడలేదు. చూస్తే నవ్వు వస్తుందని నాకు తెలుసు. "మిగతా ఇద్దరు ఎవరు?"

"ఖాళీ ట్రైలరు మీద ఒక పిల్లోడు, ఒక పాప కూచోని వచ్చినారు. పిల్లోనికి కొత్త బూట్లు. మెయిన్ రోడ్డు కాడ ఆ పాప ఎక్కిందంట. శానా మంచి పాపమ్మా. నేను చక్రం ఇప్పుతాంటే బల్బు పట్టుకోని నిలబడె. 'ప్రియా, చేతికి గ్రీజు అయితాది' అని ఆ పిల్లోడు అంటే, 'కానీలే, పెండ్లి గోరింటాకు అనుకుంటా' అనె. దావూదు పక్కకు తిరిగి కండ్లు తుడుసుకునె."

సాజిదా గోడకు ఆనుకుంది. "మధన్న! పెండ్లి కోసరమా!"

"ఆ పాప ఎట్లుంటాది?" హేమలత గొంతు మారింది.

"ఎర్రగ, సన్నగ. గడ్డం కింద పుట్టుమచ్చ. బల్బు ఎడమ చేత్తో పట్టుకునింది. నీళ్లు తాగిందీ ఎడమ చేత్తోనే."

నాగేంద్ర టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. అతని పెళ్లిలో ఎడమ చేత్తో వడ్డిస్తోందని పెద్దవాళ్లు కసిరితే, కిలకిలా నవ్వి కుడి చేతిని వెనక్కి దాచుకున్న పిల్ల నాకు గుర్తుంది. నాగేంద్ర భార్యకు చెల్లెలు. లక్ష్మీప్రియ.

"అన్నా" అంది హేమలత మెల్లగా. "ప్రియ యాడుంది?"

"పరీక్షకు అనంతపురం పోయింది."

"ఎవరు చెప్పినారు?"

"నారాయణ."

నారాయణ లక్ష్మీప్రియకు అన్న, నాగేంద్రకు బామ్మర్ది. లింగాలలో అరటి తోటలున్న ఇల్లు. ఆ ఇంటి పిల్లను గొర్రెల కాపరుల ఇంటికి ఇవ్వడమనే మాటను నారాయణ ముందు ఎత్తగలిగిన మనిషి వాళ్ల వంశంలో ఎవరూ లేరు.

"కమాల్ భాయ్, ఈడినుంచి యాడికి పోయినారు?"

"దావూదు బస్టాండు కాడ ఇడిసి వచ్చె. పులివెందుల బస్సు. ఆడినుంచి గండికి పోయి ఆంజనేయసామి కాడ ఈ పొద్దు సాయంత్రం పెండ్లి. ఆ పాపే చెప్పె. నన్ను గూడా రమ్మనె." అని కమాల్ బాషా ఎస్సై ముఖం చూసి, గొంతు తగ్గించాడు. "ఇదంతా రెండు గంటలకు వచ్చినాయనకు చెప్పినా గదా సార్. మీరే పంపిచ్చినారనుకుంటి."

"ఎవరు వచ్చినారు?"

"ఎస్సై గారి బామ్మర్దినని చెప్పె. బయట జీపులో ఇంగా ముగ్గురున్యారు."

నాగేంద్ర బల్ల మీద చెయ్యి ఆనించాడు. "నేనే" అన్నాడు. "మధ్యాన్నం అన్నం తినేటప్పుడు ఇంట్లో ఉన్యాడు. కేసు ఎంతవరకు వచ్చింది బావా అన్యాడు. ఆరు యాభైకి దావూదు బేరింగు కోసరం ఈడికి వచ్చినాడని నేనే చెప్తి. నా నోటితోనే."

"బోటు తోసింది వాళ్లే" అంది హేమలత. "నిన్న చీకటి పడినాక చెల్లెలి కోసరం రేవుకు వచ్చినారు. మనిషి దొరకల్యా, బోటు దొరికింది. మధు మునగలేదని మనకంటే ముందు తెలిసింది వాళ్లకే. అన్నా, టైం నాలుగు నలభై. గండికి మనం పోయేతలికి ఆరు దాటుతాది. వాళ్లు బయల్దేరి రెండున్నర గంటలయింది."

నాగేంద్ర ముందు గండికి దగ్గరి స్టేషనుకు ఫోను చేశాడు. ఒక జీపు పంపమన్నాడు. అరగంట పడుతుందన్నారు. ఫోను కిందికి దించి, మా ముగ్గురినీ చూశాడు. పొద్దుటి నుంచి అతని ముఖంలో ఉన్న ఎస్సై పోయాడు. జామచెట్టు కింద చెల్లెలితో కొట్లాడే పిల్లవాడే మిగిలాడు.

"అరగంట ఆపల్ల వాళ్లను. ఎట్ల ఆపేది హేమా?"

"నువ్వు చెప్తే నమ్ముతాడు. పొద్దున నుంచి శవం వెతికింది నువ్వే గదా."

అతనికి అర్థమైంది. బామ్మర్ది నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు. నేను పెన్సిలు పట్టుకున్నాను. నాలుగు నలభై మూడు.

"నారాయణా, యాడుండావప్పా?"

"పనిమీద బయటికొచ్చినా బావా. ఏంది సంగతి?" వెనకాల గుడి గంట వినిపించింది.

"మధు శవం దొరికింది" అన్నాడు నాగేంద్ర. "ఇప్పుడే నీళ్లల్లో నుంచి తీసినాం. పంచనామాకు తెలిసినోళ్లు కావల్ల. నువ్వు నీ మనుషుల్ని తీసుకోని బిన్నా రేవుకు రా. ఎంతసేపట్లో వస్తావు?"

అవతల మళ్లీ ఒకసారి గంట. తర్వాత నారాయణ నవ్వాడు, తీరిగ్గా, ఇంట్లో కూర్చుని నవ్వినట్లు.

"శవమా? ఎవుడి శవం బావా అది? మధుగాడు ఇదో, మెళ్లో దండేసుకోని నా ఎదురుగ్గా నిలబడుకోని ఉండాడే."

"మధన్న బతికుండాడు!" అని సాజిదా చప్పట్లు కొట్టింది. "ఇన్యావా సారూ, నువ్వే ఇన్యావు, బతికుండాడు! మా ఆయన్ను ఇడిసిపెట్టు!"

నాగేంద్ర ఆమె వైపు తల ఊపాడు. ఊపుతూనే జీపు తాళాల కోసం జేబు తడుముకుంటూ బయటికి పరుగెత్తాడు. బల్ల మీద వదిలేసిన ఫోనులో నుంచి, ఎక్కడో దూరంగా, "అన్నా, వద్దన్నా" అని ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. లైను తెగిపోయింది.

పెద్దసుబ్బమ్మ
వయసు అరవై ఏడు
పుట్టింది రాజుపాలెం పక్క పల్లె, ఇప్పుడు ఉండేది ప్రొద్దుటూరులో, కొడుకూ కోడలి దగ్గర